షట్టర్ కింద రోకలి

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను చూడడానికి వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతారు. "ముగ్గు మేస్త్రీ, నీకు ఆ పేరు ఎట్లొచ్చినాది?" అని. నేను నవ్వేసి, కాపీ తాగండప్పా అని మాట మార్చేస్తాను. ఇన్నేళ్లూ అట్లాగే నెట్టుకొచ్చాను. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. రెంచి పట్టలేను గానీ పెన్ను పట్టగలను. అందుకని రాస్తున్నాను.

నా పేరు మునిరత్నం. తిరుపతిలో ముప్పై ఏళ్లకు పైగా రోలింగ్ షట్టర్లు బిగించాను. అంగళ్లకు బిగించాను, గోడౌన్లకు బిగించాను. డెబ్బైల్లో కాస్త కలిగినవాళ్లు కార్లు కొని, ఇంటి ముందే కారు షెడ్డు కట్టుకోవడం మొదలుపెట్టాక, ఎక్కువగా ఇళ్లకే బిగించాను. ఎన్ని బిగించానో రాయను. ఎవరు శాలువా కప్పారో అసలే రాయను. రాసేది ఒక్క షట్టర్ గురించి, నా కుళ్లు గురించి. అసూయ అని రాస్తే మర్యాదగా ఉంటుందేమో. నాది అంత మర్యాదైన సరుకు కాదు.

ముందు షట్టర్ సంగతి

అంగడి షట్టర్‌కూ ఇంటి షట్టర్‌కూ ఇనుములో తేడా లేదు. తేడా మనుషుల్లో ఉంది. అంగడి షట్టర్‌ను పొద్దున ఒకడు ఎత్తుతాడు, రాత్రి వాడే దించుతాడు. దాని తిక్క వాడికి తెలుసు. ఇంటి షట్టర్ కింద అందరూ తిరుగుతారు. ముసలాయన కుర్చీ వేసుకుని పేపరు చదువుతాడు. పిల్లలు దాన్ని పట్టుకుని వేలాడతారు. ఆడవాళ్లు అక్కడే కూర్చుని బియ్యం చెరుగుతారు. ఒక ఇంట్లో చంటిబిడ్డ ఉయ్యాలను షట్టర్ పైపుకే కట్టి ఉండడం చూశాను. వెంటనే విప్పేయమన్నాను. ఆ ఇల్లాలు మాత్రం "గాలి బాగా వస్తాదన్నా ఈడ" అంది.

ఆ ఇనుప పట్టీల తెర బరువు ఇద్దరు మనుషులు మోయలేనంత ఉంటుంది. అయినా ఒక్క మనిషి చేత్తో లేస్తుంది. ఎందుకంటే పైన పైపుకు స్ప్రింగులు చుట్టి ఉంటాయి. తెర తగిలించే ముందు ఆ స్ప్రింగులకు కొన్ని చుట్లు తిప్పి బిగువు ఎక్కిస్తాం. ఆ బిగువే బరువును మోస్తుంది. చుట్లు తక్కువైతే షట్టర్ కిందికి జారుతుంది. ఎక్కువైతే పైకి పాకుతుంది, స్ప్రింగు మీద భారం పెరిగి ఏదో ఒక రోజు తెగుతుంది. స్ప్రింగు తెగిన షట్టర్ ఇంక షట్టర్ కాదు, నెత్తిన వేలాడే ఇనుము.

సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు. మోకాలి ఎత్తులో వదలండి. నడుము ఎత్తులో వదలండి. భుజం ఎత్తులో వదలండి. ఎక్కడ వదిలితే అక్కడ నిలవాలి. పైకీ పోకూడదు, కిందికీ రాకూడదు. ఈ పరీక్ష నేను కనిపెట్టింది కాదు. షణ్ముగం దగ్గర చూసి నేర్చుకున్నది. ఇది రాయడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది.

షణ్ముగం వచ్చాడు

మా ఓనరు దొరస్వామి. రేణిగుంట రోడ్డులో రేకుల షెడ్డు, నలుగురైదుగురు పనివాళ్లం. అందరిలో నాదే పెద్ద చెయ్యి. "మునిరత్నం బిగిస్తే ఇంగ చూడ పన్లే" అని ఓనరు పదిమందిలో అనేవాడు. ఆ ఒక్క మాట కోసం ఎండలో సారం కట్టెలెక్కి తలకిందులుగా పనిచేసేవాణ్ని.

అప్పుడు నగరి నుంచి షణ్ముగం వచ్చాడు. నాకంటే రెండేళ్లు చిన్న. మద్రాసులో పని నేర్చుకున్నాడట. మనిషి సన్నగా, నల్లగా, గాలి వీస్తే పడిపోయేటట్టు ఉంటాడు. మాట్లాడితే సగం అరవం. గట్టిగా మాట్లాడడం కూడా రాదు. వీడేం పనిచేస్తాడులే అనుకున్నాను.

ఆరు నెలలు తిరిగేసరికి ఏ ఇంటికి పోయినా నన్ను చూడగానే ఆడవాళ్లు అడిగే మొదటి మాట ఒకటే.

"షణ్ముగం రాలేదా?"

మండదా మరి? మండింది. నేను సంచి దించి, చెమట తుడుచుకుని, ఇంకా నీళ్లైనా తాగకముందే "షణ్ముగం రాలేదా?" అంటే కడుపులో ఎవరో మిరపకాయలు నూరినట్టు ఉండేది. "లేదు మా, వానికి వేరే పని ఉండాది" అని పళ్లు బిగించి చెప్పేవాణ్ని. వాడికైతే స్టీలు లోటాలో చిక్కటి కాపీ. నాకు మంచినీళ్లు. ఇది నా అనుమానం కాదు, లోటాలు నేను కళ్లారా చూశాను.

ఓనరు కూడా మారాడు. నేను బిగించిన షట్టర్ పక్కన నిలబడి, "బాగుండాది గానీ, షణ్ముగం బిగిస్తే సద్దు రాదప్పా" అన్నాడు ఒకరోజు. సద్దు! ఇనుమన్నాక సద్దు చేయకుండా పూజ చేస్తుందా? ఆ రోజు మధ్యాన్నం అన్నం సగంలో వదిలేసి లేచాను. ఇంటికి పోయి మా ఆవిడ మీద అరిచాను. ఆమె తప్పేం లేదు. పాపం, ఆమె కూడా "ఆ షణ్ముగం ఎట్లుంటాడు మనిషి?" అని అడిగింది, అంతే.

ముగ్గు చూసి బిగించేవాడు

షణ్ముగంలో నాకు అన్నిటికంటే ఒళ్లు మండించిన సంగతి చెబుతాను.

ఏ ఇంటికైనా షట్టర్ బిగించాలంటే వాడు ముందు టేపు తీయడు. డ్రిల్లు తీయడు. పొద్దున్నే కోళ్లు కూసే వేళకు ఆ ఇంటికి పోయి, ఎదురుగా అరుగు మీద కూర్చుంటాడు. ఇంటి ఆడమనిషి వచ్చి వాకిలి చిమ్మి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టేదాకా చూస్తాడు. ఆమె ఎక్కడ కూర్చుంది, ఏ చేతిలో ముగ్గు చిప్ప పట్టుకుంది, బిడ్డలుంటే ఎటు పక్క చేరారు, ఆవు వస్తే ఎటు జరిగింది, అన్నీ చూస్తాడు. ముగ్గు అయ్యాక లేచి వెళ్లి, దాని అంచు వెంట సుద్దముక్కతో గీత గీస్తాడు. షట్టర్ ఆ గీత మీద దిగకుండా కొలిచి, ఆ తర్వాతే పని మొదలుపెడతాడు.

ఎందుకురా ఇదంతా అని ఒకసారి అడిగాను.

"మనోళ్ల ఇండ్లల్లో కారు షెడ్డే వాకిలయిపోయినాదన్నా" అన్నాడు వాడు నెమ్మదిగా. "వాకిలి ఉన్న సోటే ముగ్గు. ముగ్గు ఉన్న సోటే ఆడమనిషి, ఆమె పక్కన బిడ్డ. సరిగ్గా షట్టర్ దిగే గీత మీదనే కూర్సుంటారు, రోజూ. ఆవులు దూరతాయని షట్టర్ పూర్తిగా ఎత్తరు, సగమే ఎత్తుతారు. మద్రాసులో సాయిబు మేస్త్రి నాకు అంగడి షట్టర్ నేర్పినాడు. ఇది నేర్పలే. నేనే సూసి నేర్సుకున్నా."

ఇంత మంచి మాట వింటే మనిషన్నవాడు ఏం చేయాలి? మెచ్చుకోవాలి. నేనేం చేశాను? షెడ్డుకు వచ్చి అందరి ముందూ చేతిలో ఇసుక తీసుకుని ముగ్గు వేస్తున్నట్టు నటించి, "రండప్పా రండి, ముగ్గు మేస్త్రి వచ్చినాడు! ఆడోళ్ల ముగ్గులు చూసేదానికి వచ్చినాడు!" అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు. దొరస్వామి కూడా నవ్వాడు. షణ్ముగం మాత్రం తల వంచుకుని రెంచికి నూనె రాసుకుంటూ ఉండిపోయాడు.

అవును. ఆ పేరు నేను పెట్టిందే. నాకు కాదు, వాడికి. ఎగతాళికి.

చిత్తూరు ఇల్లు

చిత్తూరులో బెల్లం మండీ ఉన్న ఒక కుటుంబం కొత్త ఇల్లు కట్టుకుంది. పెద్ద ఇల్లు. వీధి పక్కనే కారు షెడ్డు, లోపలికి పోతే ఇంటి తలుపు. షెడ్డుకు పదడుగుల వెడల్పు షట్టర్ కావాలన్నారు. ఆ రోజుల్లో ఇంటికి అంత వెడల్పు షట్టర్ మా చుట్టుపక్కల ఎవరూ పెట్టుకోలేదు. ఆ ఇంటి పెద్దావిడ రుక్మిణమ్మ షణ్ముగాన్నే పంపమని చెప్పి పంపింది. వాడేమో తమ్ముడి పెళ్లికి నగరి పోయి ఉన్నాడు.

"వాడు వచ్చేదాకా ఆగమందామా?" అన్నాడు ఓనరు.

"నేను చచ్చినానా?" అన్నాను.

పోయాను. సంచి దించాను. రుక్మిణమ్మ యాభై ఏళ్ల మనిషి, నుదుట పెద్ద బొట్టు, చేతిలో మనవరాలు కోమల వేలు. ఆమె నన్ను ఎగాదిగా చూసి, మర్యాదగానే అడిగింది.

"షణ్ముగం రాలేదా నాయనా?"

ఆ క్షణంలోనే నిర్ణయించుకున్నాను. ఈ ఇంట్లో ఇక ఎవరూ షణ్ముగం పేరెత్తకూడదు. వాడు బిగించిన ఏ షట్టర్ కంటే ఇది తేలికగా లేవాలి. ఒక్క వేలితో లేవాలి.

ముగ్గు చూడలేదు. చూస్తే వాడి పని ఒప్పుకున్నట్టు అవుతుందని చూడలేదు. నాలుగు స్ప్రింగులకూ ఇవ్వాల్సిన దానికంటే రెండేసి చుట్లు ఎక్కువ ఇచ్చాను. ఎక్కువ అని నాకు తెలుసు. తెలియక చేసిన తప్పు కాదు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. కింద మోకాలి ఎత్తులో వదిలితే షట్టర్ తనంత తానే పైకి పాకేది. భుజం ఎత్తుకు వచ్చాక తెర అంచులు జారే పక్క గైడ్ల ఒరిపిడికి ఆగేది. ఆగింది కదా, చాలు అనుకున్నాను.

గృహప్రవేశం నాడు షట్టర్‌కు పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి, కర్పూరం చూపించారు. ఆ తర్వాత రుక్మిణమ్మ చిటికెన వేలు కొక్కానికి తగిలించి ఎత్తింది. షట్టర్ సర్రున లేచింది.

"అబ్బా! పువ్వు మాదిరి లేస్తాదే!" అని ఆడవాళ్లంతా నోళ్లు వెళ్లబెట్టారు. నాకు ఆకులో రెండు బొబ్బట్లు ఎక్కువ వేశారు. చిక్కటి కాపీ, స్టీలు లోటాలో. బస్సులో తిరుపతికి వస్తూ దారి పొడుగునా నాలో నేను నవ్వుకున్నాను.

రోకలి

రెండు నెలల తర్వాత షణ్ముగం చిత్తూరు బజారులో ఒక అంగడి పనికి పోయాడు. తిరిగొచ్చి నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, తప్పుగా అనుకోవాకు. రుక్మిణమ్మ వాళ్ల ఇంటి ముందర పోతా ఉంటే ఆయమ్మ పిలిచి కాపీ ఇచ్చింది. షట్టర్ సూసినా. మోకాలి కాడ వదిలితే పైకి పోతా ఉండాది. సుట్లు రెండు ఎక్కువైనట్టుండాది. నీ పని మీద నేను చెయ్యి పెట్టకూడదు, పెట్టలే. నువ్వొకసారి పోయి తగ్గించు."

"ఎవుర్ని అడిగి పోయినావు?" అన్నాను.

"పిలిస్తే పోయినానన్నా."

"పిలుస్తారు, పిలుస్తారు. నిన్ను పిలవని ఇల్లు యాడుండాదిలే ఈ జిల్లాలో!"

నేను ఆ మరునాడే చిత్తూరు బస్సెక్కాను. చుట్లు తగ్గించడానికి కాదు. నా షట్టర్ గురించి ఆ ఇంట్లో వాడు ఏం కూశాడో తెలుసుకోవడానికి.

పొద్దున్నే చేరాను. రుక్మిణమ్మ వాకిట్లో ముగ్గు పెడుతోంది. ఎదురుగా కోమల, చేతిలో ముగ్గు చిప్ప. షట్టర్ సగం ఎత్తి ఉంది. దాని కింద, ఒక పక్క గైడ్‌కు ఆనుకుని, నిటారుగా నిలబెట్టిన రోకలి.

అది చూడగానే నా ఒంట్లో రక్తమంతా ముఖంలోకి వచ్చింది.

"ఏందిమా అది?"

"షణ్ముగం పెట్టుకోమన్నాడు నాయనా" అంది ఆమె ముగ్గు ఆపకుండానే. "నువ్వొచ్చి సరిచేసేదాకా ముగ్గు పెట్టేటప్పుడు రోకలి నిలబెట్టండి మా, ఏమన్నా అయినా రోకలి ఎత్తులో ఆగిపోతాది, కూర్సున్న మనిషికి తగలదు అన్నాడు. మంచిదే గదా అని పెట్టుకుంటా ఉండా."

ఇప్పుడు నేనన్న మాటలు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"రోకలి పెట్టుకోవాల్సిన షట్టర్ నేను బిగించలేదు మా. వీధిలో పోయేవాళ్లు చూస్తే ఏమనుకుంటారు? మునిరత్నం బిగించిన షట్టర్‌కు కట్టెలు ఆనిచ్చి నిలబెట్టినారంట అనుకోరా? నాకు తలకొట్టేసినట్టు కాదా? అది తీసేయండి మా. నా మాట మీద నమ్మకం ఉంటే తీసేయండి."

ఆమె నన్నే చూసింది. నా ముఖం ఎంత బాధగా పెట్టానో నాకు తెలుసు. "అంత మాటెందుకులే నాయనా" అని లేచి, రోకలి తీసి గోడకు ఆనించింది. కోమల దాన్ని దొర్లించుకుంటూ లోపలికి తీసుకుపోయింది.

నాకు కాపీ ఇచ్చింది. తాగాను. ఒక్క చుట్టు కూడా తగ్గించకుండా వచ్చేశాను. తగ్గిస్తే షణ్ముగం చెప్పింది నిజమైపోతుంది.

ఆ పొద్దు

ఆ తర్వాత మూడు వారాలకు షెడ్డుకు ఫోన్ వచ్చింది. ఓనరు ఫోన్ పెట్టేసి మా ఇద్దరినీ చూశాడు.

"చిత్తూరు షట్టర్ పడిపోయినాదంట. ఆయమ్మ చెయ్యి..." అని ఆపేశాడు. "ఇద్దురూ పోండి. ఇప్పుడే పోండి."

బస్సులో మేమిద్దరం ఒకే సీటులో కూర్చున్నాం. నేను కిటికీ వైపు. బస్సు పూతలపట్టు దాటింది. అప్పుడు షణ్ముగం మెల్లగా అడిగాడు.

"సుట్లు తగ్గించినావా అన్నా?"

నేను కిటికీ చువ్వ పట్టుకుని బయటికి తిరిగాను.

జరిగింది ఇది. పొద్దున రుక్మిణమ్మ షట్టర్ సగం ఎత్తి, ముగ్గు మొదలుపెట్టింది. కోమల ఎదురుగా కూర్చుంది. పైన టప్పుమని శబ్దం వచ్చింది. ఆమె తలెత్తి చూడకుండానే ఎడమ చేత్తో బిడ్డను వీధిలోకి నెట్టేసింది, తానూ వెనక్కి పడింది. కుడి చెయ్యి మాత్రం ముగ్గు గీత మీదే ఉండిపోయింది. షట్టర్ అడుగున ఉన్న ఇనుప యాంగిల్ దాని మీద దిగింది. బిడ్డకు మోకాళ్లు చెక్కుకుపోయాయి, అంతే. రుక్మిణమ్మకు చూపుడు వేలూ నడిమి వేలూ ఆసుపత్రిలో తీసేశారు. చిటికెడు ముగ్గు పట్టుకునే వేళ్లు.

మేం పోయేసరికి వాకిట్లో ముగ్గు సగంలోనే ఉంది. ఎవరికీ చెరిపే ధైర్యం లేకపోయింది.

షణ్ముగం పైకెక్కి స్ప్రింగుల డబ్బా విప్పాడు. రెండు స్ప్రింగులు తెగి ఉన్నాయి. తెగని వాటిని విప్పుతూ ఒక్కొక్క చుట్టూ పెదాలతో లెక్కపెట్టాడు. కింద నిచ్చెన పట్టుకుని నేనూ లెక్కపెట్టాను. కచ్చితంగా రెండు ఎక్కువ. రుక్మిణమ్మ భర్త, ఆ మండీ పెద్దాయన, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి మా పక్కన నిలబడ్డాడు.

"ఎందుకు తెగినాదప్పా? కొత్తది గదా?"

షణ్ముగం పై నుంచి నన్ను చూశాడు. వాడు చెప్పలేదు. చెప్పడానికి నాకు వదిలేశాడు. నిచ్చెన మీద ఉన్న ఆ మనిషి నోటి నుంచి ఒక్క మాట వస్తే నా బతుకు అక్కడితో సరి. వాడు నోరు మూసుకుని, నా నోరు తెరుచుకోవడానికి చోటిచ్చాడు.

నేను నోరు తెరిచి, "స్ప్రింగు నాసిరకంది సామీ. మద్రాసు నుంచి వచ్చిన సరుకే అట్లుండాది" అన్నాను.

పెద్దాయన నిట్టూర్చి, "కొత్తింటికి దిష్టి తగిలినాది" అన్నాడు. షణ్ముగం మళ్లీ డబ్బాలోకి తల దూర్చాడు.

ఆసుపత్రిలో రుక్మిణమ్మ చేతికి తెల్లటి కట్టు. నన్ను చూసి లేవబోయింది. ఆమె అన్న మాట ఇన్నేళ్లలో నేను ఎవరికీ చెప్పలేదు.

"ఆ పొద్దు రోకలి పెట్టుకుందామని అనుకున్నా నాయనా. నువ్వెప్పుడన్నా వచ్చి చూస్తే నీ మనసు నొచ్చుకుంటాదని పెట్టలే."

ఇంట్లో షట్టర్ ఉన్నవాళ్లకు

నడుమ ఈ నాలుగు మాటలు చెప్పకపోతే నేను రాసిందంతా వట్టి ఏడుపు అవుతుంది.

సగంలో వదిలి చూసే పరీక్ష నెలకొకసారి చేయండి. నిలవకపోతే మేస్త్రిని పిలవండి, మీరు పైకెక్కకండి. స్ప్రింగు డబ్బా బోల్టు ఇంట్లో మనిషి విప్పకూడదు, ఎంత చదువుకున్నవాడైనా సరే. బిగువు మీదున్న స్ప్రింగు చెయ్యి విరగ్గొడుతుంది. గైడ్లలో కొబ్బరినూనె పోయకండి. దీపం నూనె కూడా పోస్తారు మనవాళ్లు, స్వామి నూనె మంచిదని. దుమ్ము పట్టి జిగురైపోయి, షట్టర్ తట్టుకుంటూ దిగుతుంది. గుడ్డతో తుడిస్తే చాలు.

పట్టీల సందుల్లో వేళ్లు పెట్టి లాగే అలవాటు పిల్లలకు రానివ్వకండి. కొక్కెం పిల్లలకు అందే ఎత్తులో ఉంటే, మేస్త్రి నా అంతవాడైనా సరే, పైకి పెట్టమని పోట్లాడండి. నిమ్మకాయలూ దిష్టి గుమ్మడికాయా షట్టర్‌కు కట్టకండి, గోడకు కట్టుకోండి. ఉయ్యాల సంగతి ముందే చెప్పాను.

పనిలోకి వచ్చే పిల్లలకు ఒకటే చెబుతాను. ఇంకొకడు మీ పనిలో తప్పు చూపిస్తే, వాడి ముఖం చూడకండి. షట్టర్ చూడండి.

పేరు

ఆ సంఘటన తర్వాత ఏడాదికల్లా షణ్ముగం నగరి వెళ్లిపోయి, మరమగ్గాల రిపేరు అంగడి పెట్టుకున్నాడు. పోయేటప్పుడు నా దగ్గరకు వచ్చి, "వస్తానన్నా" అన్నాడు. అంతే. వాడు పోయినందుకు నాకు సంతోషం కలిగింది. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, కలిగింది.

వాడు పోయాక, మరుసటి పని నుంచి నేను ముందుగా ముగ్గు చూడడం మొదలుపెట్టాను. అరుగు మీద కూర్చునేవాణ్ని. సుద్దముక్కతో గీత గీసేవాణ్ని. స్ప్రింగులు పాతబడిన ఇళ్లలో కొత్తవి వచ్చేదాకా రోకలి నిలబెట్టించేవాణ్ని. కొత్త పనివాళ్లకు షణ్ముగం ఎవరో తెలియదు. ఏ ఇంట్లోనో ఎవరో అన్నారు, "ముగ్గు మేస్త్రి వచ్చినాడు" అని. ఈసారి ఎవరూ నవ్వలేదు. గౌరవంగా అన్నారు. నేను కాదనలేదు. స్టీలు లోటాలో కాపీ వచ్చింది, తాగాను. అట్లా ఏళ్లు తాగాను.

ఎనభైల చివర ఒక పొద్దు ఉండబట్టలేక నగరి పోయాను. షణ్ముగం మరింత సన్నబడ్డాడు. మగ్గాల చప్పుడులో గట్టిగా మాట్లాడడం మాత్రం నేర్చుకున్నాడు. నన్ను చూసి ఎంత సంతోషించాడంటే, నాకు దాని మీద కూడా కుళ్లు పుట్టింది. నేనైతే వాణ్ని చూసి అట్లా సంతోషించగలిగేవాణ్నా?

"నన్ను ముగ్గు మేస్త్రి అంటా ఉండారు షణ్ముగం. ఆ పేరు నీది. అందురికీ చెప్పేస్తా" అన్నాను.

వాడు పగలబడి నవ్వాడు. "నువ్వు పెట్టిన పేరే గదన్నా! నాకెందుకు, నువ్వే ఉంచుకో." నవ్వు ఆపి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "రుక్మిణమ్మకు చెప్పినావా?"

చెప్పలేదు. పేరు తిరిగి ఇచ్చేద్దామని వచ్చానే గానీ, ఇవ్వాల్సింది అది కాదు.

నగరి నుంచి నేరుగా చిత్తూరు బస్సెక్కాను. ఆ ఇంటి వాకిట్లో ముగ్గు ఉంది. కోమల పెద్దదైంది, ముగ్గు తనే పెడుతోందట. గైడ్ పక్కన గోడకు రోకలి ఆనించి ఉంది. రుక్మిణమ్మ కూర్చోమంది. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. రెండు చుట్లు ఎక్కువ ఇచ్చానని, తెలిసే ఇచ్చానని, షణ్ముగం ముందే చెప్పినా తగ్గించలేదని, స్ప్రింగు నాసిరకం కాదని. ఎందుకు చేశానో కూడా చెప్పాను. వాడంటే పడక చేశాను మా, మీరు వాణ్ని అడిగినారని చేశాను మా, అన్నాను.

ఆమె మూడు వేళ్ల చేత్తో పైట సర్దుకుంది. కోమలను కేకేసి కాపీ తెమ్మంది. నేను లోటా అందుకున్నాక, నా ముఖంలోకి చూసి ఒక్కటే అడిగింది.

"షణ్ముగం బాగుండాడా నాయనా?"

కడుపులో ఆ పాత మిరపకాయల మంట ఇంకా ఉంది. దాన్ని కాపీతో పాటు మింగి, "బాగుండాడు మా" అన్నాను.